దిగాలా వద్దా, ఎవరు చెప్పాలి?

హౌరాలో బయల్దేరిన లోకల్ రైలు టికియాపారా స్టేషన్ దాటాలంటే సిగ్నల్ పడాలి. పడకపోతే డ్రైవరు ఆగాల్సిందే. దమ్‌దమ్ విమానాశ్రయంలోనూ అంతే. టవర్‌లోని కంట్రోలర్ ‘దిగొచ్చు’ అంటేనే విమానం దిగాలి.

రద్దీ తక్కువగా ఉండే చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో ఇంకో పద్ధతి ఉంది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ అలాంటిదే. పాత యుద్ధవిమానాలు ఇప్పటికీ ఎగిరే చోటు. అక్కడ రేడియోలో పలికేది కంట్రోలర్ కాదు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఆఫీసర్.

ఏం చెబుతారాయన? ఏ రన్‌వే వాడుకలో ఉందో, గాలి ఎటునుంచి వీస్తోందో, చుట్టుపక్కల ఇంకెవరు ఎగురుతున్నారో. ఎత్తు చూపే మీటరుకు గాలి పీడనం ఎంత పెట్టుకోవాలో కూడా. రన్‌వే, పీడనం పైలట్ తిరిగి అప్పజెప్పాలి. పొరపాటు వినిపిస్తే ఆఫీసర్ అక్కడికక్కడే దిద్దుతారు.

రన్‌వే మీద ఇంకో విమానం ఉందనుకోండి. ఆయన ‘దిగొద్దు’ అనరు. ‘రన్‌వే మీద విమానం ఉంది’ అంటారు. ఖాళీ అయ్యాక, దిగడం మీ విచక్షణ అంటారు, గాలి వివరం చెబుతారు. మళ్లీ చెబుతున్నాను: కంట్రోలర్ అనుమతి ఇస్తారు, ఈ ఆఫీసర్ సమాచారం ఇస్తారు. నిర్ణయం పైలట్‌దే.

అన్నీ కళ్లకు కనిపిస్తున్నా ఆజ్ఞాపించకుండా ఉండడం తేలికేం కాదు, నన్నడిగితే! బ్రిటన్‌లో నేల మీద కదిలే విమానాలకు మాత్రం ఆయన ఆదేశాలివ్వొచ్చు. అదీ రన్‌వే ముందున్న ఆగే గీత దాకానే.

విమానం ఆపదలో పడితే సహాయ బృందాలను అప్రమత్తం చేసేదీ ఆయనే. అప్పుడు ఎవరి విచక్షణ కోసమూ ఎదురుచూడరు.