బొమ్మ కాదు, మాట పంపుదాము



ఖుర్దారోడ్డులో స్థిరపడిన మన రైల్వే కుటుంబాలకు స్వగ్రామంతో సంబంధం ఒకప్పుడు కార్డుముక్కతోనే నడిచేది. నేడు వాట్సాపు శ్రీకాకుళాన్ని అరచేతిలో పెట్టింది, సంతోషమే. కాని ఎవరో పంపిన ఉగాది బొమ్మను పదిమందికి ఫార్వర్డు చేసి, పలకరించామనుకొంటున్నాము. పుకార్లు మితిమీరగా, 2018లో ఆ కంపెనీవారే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుచోట్లకు మించి ఫార్వర్డు చేయకుండా హద్దు పెట్టారు. బొమ్మల శుభాకాంక్షలకు హద్దు మనమే పెట్టుకోవాలి.

బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు తెలుగక్షరం ఇంటిలోనే అబ్బాలి. కనుక ఈ ఉగాదినాడు ఊళ్లోని తాతగారికి పిల్లలచేత ఒక్క వాక్యమైనా తెలుగులిపిలో వ్రాయించి పంపుదాము. తప్పులుంటే ఆయన దిద్ది జవాబు వ్రాస్తారు. చుట్టరికమూ, భాషా రెండూ నిలుస్తాయి.