మట్టికి మిత్రుడు రోకలిబండ
(గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



తొలకరి జల్లులు పడినంతనే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో గుట్టల పాదములయందును, చెట్లక్రిందను, ఇండ్ల గోడలవెంటను రోకలిబండలు బయలువెడలును. వానిని చూచి అసహ్యించుకొని కొట్టి చంపుటయో, కిరసనాయిలు చల్లుటయో పలువురు చేయు పని. ఇది తగునా యని విచారింతము.

ముందుగా జెర్రికిని రోకలిబండకును గల భేదము నెరుగవలెను. జెర్రికి కణుపునకు ఒక్క జత కాళ్ళు. అది వేగముగా పరుగిడును, విషపుకాటు వేయును. రోకలిబండకు చాలమట్టుకు కణుపునకు రెండు జతలు. అది మెల్లగా ప్రాకును, కరవదు, తాకిన చుట్టచుట్టుకొనును. దానిని సహస్రపాది యందురుగాని, నిజముగా వేయి కాళ్ళు మించిన జాతి 2021లోనే మొదటిసారి లోకమునకు వెల్లడియైనది. ఆస్ట్రేలియాలో భూగర్భమున దొరికిన ఆ జీవికి 1,306 కాళ్ళు.

అయితే జాగ్రత్త కొంత అవసరము. బెదిరినపుడు రోకలిబండ ఘాటైన ద్రవమును స్రవించును. చర్మమునకు తగిలిన మంట, మరక కలుగును, సబ్బుతో కడుగవలెను. కంటబడినచో మంచినీటితో చాలసేపు కడిగి, వెంటనే వైద్యునికి చూపవలెను. పిల్లలను దానితో ఆడనీయరాదు.

ఇక దాని మేలు వినుడు. రాలిన ఆకు, పుచ్చిన పుల్ల దాని ఆహారము. అది నమిలి విసర్జించినదానిని సూక్ష్మజీవులు కుళ్ళజేసి, ఆకులోని సారమును తిరిగి నేలకు చేర్చును. గుట్టల పాదముల మట్టి పలుచన, వానకు కోసుకొనిపోవును. అచ్చట నేలను కప్పియుంచు ఆకులపొరయే మట్టికి రక్ష. దానికి నిప్పుపెట్టిన ఎరువును, ఎరువుచేయు జీవిని ఒక్కసారే పోగొట్టుకొందుము.

ఒక్కొక్కపుడు రోకలిబండలు లేతమొలకలను, దుంపలను కొరుకుటయు గలదు. అట్టి నష్టము కనిపించిన తోచిన మందు చల్లక, వ్యవసాయ విస్తరణాధికారినో, జగిత్యాల చెంత పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానము వారినో సలహా యడుగవలెను.

మీరు చేయదగిన పనులు సులభములు. పల్లె ప్రకృతి వనములలో రాలిన ఆకును చెట్ల మొదళ్ళయందే యుంచుడు. వీధులలో ఊడ్చిన ఆకును కాల్పక కంపోస్టునకు చేర్పుడు. ఇండ్ల గోడల కానుకొని తడిచెత్త, పాతకట్టెలు లేకుండ చూడుడు. అవి లేనిచో రోకలిబండలు ఇంటిలోనికి వచ్చుట తగ్గును. వచ్చినదానిని చీపురుతో చేటలోనికెత్తి, చెట్టుక్రింద విడువుడని ఇంటింట చెప్పుడు.

జీతబత్తెములు కోరక మట్టికి బలము చేకూర్చు ఈ చిన్నజీవిని కాపాడుట గ్రామమునకే లాభము. రానున్న గ్రామసభలో ఆకులను కాల్పరాదని తీర్మానింప కోరుచున్నాను.