ఆపత్కాలమున స్త్రీల స్థానము



ఈ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము ముప్పది యేండ్లకు మించి పిల్లలకు సంస్కృతము చెప్పి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయులము. అమరకోశమున స్త్రీకి గల పర్యాయపదములను వల్లె వేయించునపుడు 'అబల' యను పదమును గూడ వల్లె వేయించితిమి. బలము లేనిది యని యర్థము చెప్పితిమి. ఆ యర్థమును నేడీ సభాముఖమున సవరించుకొనవలసి యున్నది. మమ్ము సవరించినది ఏ పండితుడును కాదు; వరదనీరు.

మన పాతనగరమునకు వరద క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన బెట్టుకొనెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణమందలి చింతచెట్టు తన కొమ్మల నాశ్రయించిన నూటయేబదిమందిని కాపాడెను. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ప్రాణములతో బయటపడెను గాని, ఆయన తల్లియు, భార్యయు, కుమార్తెయు ఆ ప్రవాహమునకు బలియైరి. ఆ దినములలో శ్రీమతి సరోజినీదేవిగారు బాధితుల సేవకు పూనుకొనిరి. అందులకై ప్రభుత్వము వారికి కైజరె హింద్ పతకము నొసగెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును వెలసినవి. చింతచెట్టును తలచుకొందుము, ఇంజనీరుగారిని కొనియాడుదుము. సేవచేసిన స్త్రీని మాత్రము కవయిత్రిగానే స్మరింతుము.

జలాశయములు కట్టితిమి గదా, భయమేల యని కొంద రందురు. 2000వ సంవత్సరము ఆగస్టులో ఒక్క దినముననే 24 సెంటీమీటర్ల వాన కురిసెను. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు పల్లెచెరువు కట్ట తెగెను. కొలది దినములకే గుర్రంచెరువు కట్టయు తెగెను. అల్‌జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ మున్నగు పేటలు నీట మునిగెను. 2025 సెప్టెంబరులో జంట జలాశయముల తలుపు లెత్తగా మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికి మూసీనీరు చొచ్చెను. దీనికి రెండు కారణములు గలవు. చెరువులను, నాలాలను మన మాక్రమించుకొంటిమి, ఇది మొదటిది. భూమి వేడెక్కుచున్నది, ఇది రెండవది. వేడిమి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినచో గాలి సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని పట్టుకొనును. కావుననే నెలదినములు కురియవలసిన వాన ఒక్కొకప్పుడు ఒక్క రాత్రియందే కురియుచున్నది.

ఇక మా స్వానుభవమును విన్నవింతుము. ఇందు తప్పు మాదే. 2020 వరదనాడు మన సంఘమున సహాయసమితి కూర్చుండెను. సభ్యులందరును పురుషులే, మేమును అందొకరము. మా చేతి పట్టికలో గృహయజమానుల పేర్లు మాత్రమే యుండెను. వారిలో ఇరువు రప్పటికే స్వర్గస్థులు! బియ్యపు బస్తాలను పడవమీద చేర్చితిమి. పొయ్యిలు నీటిలో నుండగా ఆ బియ్యము నెవరు వండుదురని మాలో నొక్కరికిని తోచలేదు. ఒక వీథిలో బట్టలు కుట్టి జీవించు ఒక యిల్లాలు మమ్ము మేడపైనుండి కేకవేసి పిలిచెను. ఏ యింట మంచము పట్టిన ముసలివా డున్నాడో, ఏ యింట నెలలు నిండిన కోడలున్నదో, ఎవరికి ఇన్సులిను మందు తడిసిపోయినదో ఆమె వ్రేళ్లమీద లెక్కించి చెప్పెను. రాత్రియే ఆమె ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టి, అశక్తులను పొరుగు ముస్లిము కుటుంబమువారి మేడమీదికి చేర్పించి యుండెను. "అయ్యా, బియ్యము తరువాత చూతము, ముందు మంచినీళ్లు, ఆడపిల్లలకు పొడిగుడ్డలు తెప్పించుడు" అనెను. మేము సిగ్గుపడితిమి. మా పట్టిక కాగితముమీద నుండెను. ఆమె పట్టిక హృదయమున నుండెను.

ఇది ఒక్క వీథి మాట కాదు. బంగ్లాదేశమున 1991 తుపానునందు సుమారు 1,40,000 మంది మరణింపగా, వారిలో పురుషులకంటె స్త్రీలే యధికులు. హెచ్చరిక వారి చెవికి సరిగా సోకలేదు. సోకినను భర్త యనుమతికై వేచినవారును గలరు. పిదప ఆ దేశము తుపాను సేవకులలో స్త్రీలను విరివిగా చేర్చుకొనెను. ఇటీవలి సంవత్సరములలో సుమారు 76,000 మంది సేవకులలో సగముమంది స్త్రీలు. పరాయి పురుషుడు గడప దాటజాలని యింటిలోనికి స్త్రీ పోగలదు. మాట చెప్పి వెంటబెట్టుకొని రాగలదు. పరదా పద్ధతి గల మన పాతనగరమున దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

వరదయే కాదు, ఎండయు ఆపదయే. 2015 వేసవిని రెండు తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. రేకుల కప్పు క్రింద మధ్యాహ్నమెల్ల పొయ్యియొద్ద నుండునది స్త్రీయే. ఇంటి కప్పులను చల్లబరుచుటకై 2023లో తెలంగాణ ప్రభుత్వ మొక విధానమును ప్రకటించెను. తెల్లని పూత సూర్యతాపమును త్రిప్పికొట్టి లోపలి వేడిమిని తగ్గించును. పండుగకు గోడలకు సున్నము వేయుట మన స్త్రీలకు తెలియనిది కాదు. ఆ సున్నమునే కప్పుపైకి నెక్కింపవలయును.

హైదరాబాదు వాతావరణ కేంద్రమునకు డాక్టరు కె. నాగరత్నగారు అధిపతిగా నుండి ఇటీవలి సంవత్సరములలో వానల హెచ్చరికలను ప్రజలకు తెలుపుచు వచ్చిరి. హెచ్చరిక పంపునది స్త్రీ. అది వచ్చి చేరు చరవాణి పురుషుని జేబులో నుండును. నీరు ముందుగా చొచ్చునది స్త్రీ యుండు వంటయింటిలోనికి! ఈ దూరమును తగ్గించుట మన చేతిలోని పని.

గృహకృత్యములతో సతమతమగు స్త్రీలకు ఈ భార మేల యని యడుగుదురేమో. ఆపద వచ్చినపుడు ఆ భారము వారు మోయుచునే యున్నారు. లేనిది అధికారము, శిక్షణము, ధనము. 1813లో మహామారి సోకినపుడు మన నగరమున బోనముల మ్రొక్కు పుట్టినదని పెద్దలు చెప్పుదురు. ఊరి యాపద తొలగుటకై బోనమును తలకెత్తుకొని లాల్‌దర్వాజ అమ్మవారి సన్నిధికి నడచునది స్త్రీయే. ఊరేగింపున ముందు నిలిపిన ఆమెను సమితియందు కడపటనైనను కూర్చుండబెట్టకుండుట ధర్మమా?

కావున ఈ మహాసభకు మా మనవి యిది. సహాయసమితిలో సగము స్థానములను స్త్రీల కీయవలయును. ప్రతి వీథికి ఇద్దరు స్త్రీల నేర్పరచి, అశక్తులు, గర్భిణులు, శిశువులు, వారి మందులు గల పట్టికను వారిచే వ్రాయించి, హెచ్చరిక మొదట వారికే చేరునట్లు చేయవలయును. ఏటేట మృగశిరకు పూర్వమే వారికి ప్రథమచికిత్సయు, నీటినుండి రక్షించు విధానమును నేర్పించి, రాకపోకల వ్యయమును సంఘమే భరింపవలయును. పోషక మహోదయులు తమ విరాళములలో కొంత భాగమును పేదల కప్పులకు సున్నము వేయించుటకును, పొడిబట్టలు, మందులు ముందుగా నిలువజేయుటకును ప్రత్యేకింపవలయును. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వబూనుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

ఈ తీర్మానము నంగీకరింపుడని పెద్దలను వేడుచున్నాము. ఇకమీద ఏ పిల్లవాడైనను 'అబల' యన నర్థమేమని మమ్మడిగినచో, ఆ పదము కోశమున నున్నదని మాత్రము చెప్పి, ఆ మేడమీది యిల్లాలి కథను వినిపింతుము.

స్వస్తి.