అడిగినవారికి దారి చెప్పే చిరునామా
(పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం దాణా గురించి కాదు, వెన్నశాతం గురించీ కాదు. ఇంటర్నెట్‌లో మన సంఘాల పేజీలకు చిరునామాలు ఎలా పెట్టుకోవాలన్నది విషయం. "పాలు పోసేవాళ్ళకి ఇదెందుకండీ?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఎందుకు మారానో ముందుగా మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం నేను ఒక సంఘానికి కార్యదర్శిగా వున్నాను. గాలికుంటు టీకాల శిబిరం తేదీ వచ్చింది. సంఘం పేజీలో వేశాం. ఆ పేజీ చిరునామాను సేకరణ కేంద్రం దగ్గర నల్లబల్ల మీద రాశాం. ఏముంది ఆ చిరునామాలో? సంఘం పేరు తర్వాత ఒక ప్రశ్నార్థకం, ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక సమాన గుర్తు, నాలుగు అంకెలు. మా సభ్యురాలు ఒకామె దాన్ని కాగితం మీద ఎక్కించుకుని, పట్నంలో వున్న కొడుక్కి ఫోనులో చదివి చెప్పింది. ఒక అంకె తారుమారైంది. అతనికి తెరుచుకున్నది నిరుటి శిబిరం ప్రకటన. "అమ్మా, తేదీ దాటిపోయిందే" అన్నాడు. ఆమె గేదెలను తోలుకు రాలేదు. రెండు నెలలకు ఊళ్ళోకి గాలికుంటు వచ్చింది. ఆమె పాడిగేదె బతికింది గాని, ఆ ఈతలో మళ్ళీ పాలు సరిగా ఇవ్వలేదు.

చిరునామా వల్లనే రోగం వచ్చిందని నేననను. ఇంటింటికీ కబురు పంపవలసింది, పంపలేదు. ఆ తప్పు నాది. అయితే ఆ చిరునామాలో "గాలికుంటు టీకా" అన్న రెండు మాటలు, పక్కన ఆ సంవత్సరం వుండివుంటే, ఆ కుర్రవాడు చదివేటప్పుడే తాను తప్పు చోటికి వచ్చానని తెలుసుకునేవాడు. అందుకని ఈ సంగతిని చిన్న విషయంగా నేను చూడలేను.

ఇక అసలు విషయానికి వస్తాను. మన కేంద్రంలో ప్రతి సభ్యునికీ ఒక సంఖ్య వుంటుంది. శాంపిల్ సీసా మీద ఆ సంఖ్యే వేస్తాం. లెక్క కట్టే యంత్రానికి అది చాలు. కాని ఊరికి కొత్తగా వచ్చిన పశువైద్యుడు మీ ఇల్లు అడిగితే "నూట నలభై రెండో నంబరు సభ్యుడు" అని చెబుతారా? "రావిచెట్టు పక్కన, పెంకుటిల్లు" అంటారు. సంఖ్య యంత్రానికి పనికివస్తుంది. మనిషికి కావలసింది పేరు.

ఇంటర్నెట్ కట్టినవాళ్ళు కూడా ఈ మాట తెలుసుకునే నడిచారు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే గుర్తుపడతాయి. తొలి రోజుల్లో ఏ పేరుకు ఏ అంకె అన్న జాబితాను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఒకే ఒక పుస్తకంలాగా వుంచేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పుస్తకం చాలలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన, ఆ జాబితాను అంచెలంచెలుగా పంచి వుంచే పద్ధతి రూపొందించాడు. ఈనాటికీ మనం పేరు కొడితే కంప్యూటరు అంకెను వెతికిపెడుతున్నది ఆ పద్ధతిలోనే.

చిరునామాలో రెండు భాగాలు ముఖ్యం. మొదటిది సంఘం పేరు. ఇది ఊరి పేరులాంటిది. ఏక గీత తర్వాత వచ్చేది రెండవది, పేజీ పేరు. ఇది వీధి, ఇల్లు లాంటిది. మొదటి భాగం మీద అందరూ శ్రద్ధ పెడతారు. రెండవదాన్ని యంత్రానికి వదిలేస్తారు. యంత్రం తన అలవాటు ప్రకారం ఒక అంకె వేసి కూర్చుంటుంది.

గూగుల్ లాంటి వెతుకులాట యంత్రాలు ఏం చేస్తాయంటే, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వున్న లంకెలు పట్టుకుని తిరుగుతూ, ప్రతి పేజీ శీర్షికనూ లోపలి మాటలనూ చదివి గుర్తు పెట్టుకుంటాయి. చిరునామాలోని మాటలను కూడా చూస్తాయి. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చిరునామా బాగున్నంత మాత్రాన పేజీ మొదటి వరుసలోకి రాదు. దాని బలం బహు స్వల్పమని గూగుల్‌వారే చెప్పారు. శీర్షిక, లోపలి సమాచారం, దాని ఉపయోగం ఇవే ముఖ్యం. పాలు పలచనైతే క్యాను ఎంత తోమినా వెన్న రాదు గదా! కాబట్టి "చిరునామా మార్చి మొదటి వరుసలోకి తెస్తాం, ఇంత సొమ్ము ఇవ్వండి" అని ఎవరైనా వస్తే తొందరపడి తీర్మానం చేయకండి.

మరి చిరునామా వల్ల లాభమేమిటి? వెతికినవాడికి పది ఫలితాలు కనబడినప్పుడు, ఏది తనకు కావలసిందో చూడగానే తెలుస్తుంది. ఫోనులో చదివి చెప్పవచ్చు, గోడ మీద రాయవచ్చు, వాట్సాప్‌లో వచ్చిన లంకెను నొక్కక ముందే అది దేని గురించో గ్రహించవచ్చు. మోసపు లంకెలు ఇన్ని తిరుగుతున్న రోజుల్లో ఇది తక్కువ లాభం కాదు.

చిరునామా పెట్టేటప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని చెబుతాను. కార్యదర్శులు దయచేసి రాసుకోండి.

ఒకటి: సభ్యుడు వాడే మాటే పెట్టండి. ఆఫీసు కాగితంలో "వ్యాధి నిరోధక కార్యక్రమ సర్క్యులర్" అని వుండవచ్చు. రైతు వెతికేది "గాలికుంటు టీకా" అని, "పొదుగువాపు" అని, "పాల ధర" అని. ఆ మాటలే చిరునామాలోనూ శీర్షికలోనూ రావాలి.

రెండు: పొట్టిగా వుంచండి. మూడు నాలుగు మాటలు చాలు. ఉన్న మాటనే పదిసార్లు దట్టిస్తే యంత్రం మెచ్చదు, మనిషి నమ్మడు.

మూడు: మాటకూ మాటకూ మధ్య అడ్డగీత పెట్టండి. గాలికుంటు-టీకా అన్నట్టు. కింది గీత వద్దు. అడ్డగీతతో మాటలు విడిగా అర్థమవుతాయని గూగుల్‌వారి సలహా. పైగా లంకె కింద గీత పడితే కింది గీత కనబడనే కనబడదు.

నాలుగు: ఇంగ్లీషు అక్షరాలు వాడితే అన్నీ చిన్నబడివే వాడండి. పేజీ పేరులో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ చాలా సర్వర్లు తేడా చూస్తాయి. సంఘం పేరు భాగంలో మాత్రం ఆ తేడా లేదు.

ఐదు: సంవత్సరం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుసుకోండి. పాల ధర ఏటా మారుతుంది, కాని సభ్యుడు వెతికేది ఎప్పుడూ ఇప్పటి ధరే. కనుక పాల-ధర అనే ఒకే చిరునామా శాశ్వతంగా వుంచి, లోపలి పట్టికను మార్చండి. మహాజన సభ తీర్మానాలు, ఆడిట్ నివేదిక, టీకా శిబిరం మాత్రం ఏ యేటికి ఆ యేడే. వాటికి సంవత్సరం తప్పక పెట్టండి. మా పాత ప్రకటన చిరునామాలో సంవత్సరం లేకనే మేము దెబ్బతిన్నాం.

తెలుగు లిపిలో చిరునామా పెట్టవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పెట్టవచ్చు. వెతుకులాట యంత్రాలకు అర్థమవుతుంది, బ్రౌజరులో తెలుగులోనే కనబడుతుంది. అయితే ఒక చిక్కు వున్నది. దాన్ని నకలు చేసి మెసేజీలో అతికిస్తే తరచు శాతం గుర్తులుగా మారిపోతుంది. ఎందుకంటే ఒక్కొక్క తెలుగు గుర్తును కంప్యూటరు మూడు ముక్కలుగా దాచుకుంటుంది. చిరునామాలో ఒక్కో ముక్కకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు పడతాయి. అంటే ఒక గుర్తుకు 9. "పాలు" అన్న మాటలో ప, దీర్ఘం, ల, కొమ్ము అని నాలుగు గుర్తులు. అది 36 అక్షరాలవుతుంది. "గాలికుంటు" అనే ఒక్క మాట 81 అవుతుంది. దాన్ని గోడ మీద ఎవరు రాయగలరు?

కనుక నా సలహా ఇది. లోపల పేజీ అంతా, శీర్షికతో సహా, చక్కని తెలుగులో వుంచండి. పోస్టరు మీదికీ పాస్‌బుక్కు మీదికీ ఎక్కే చిరునామాను ఇంగ్లీషు అక్షరాలలో పెట్టండి. "పాల" అని రాయడానికి ఒకరు ఒక "ఏ" వేస్తారు, ఇంకొకరు రెండు వేస్తారు. ఏదో ఒకటి నిర్ణయించి రిజిస్టరులో రాసుకుని, అన్ని పేజీలకూ అదే వాడండి.

ఇక ఆచరణ. చాలా సంఘాల పేజీలు 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మీద నడుస్తున్నాయి. అందులో సెట్టింగ్స్ కింద పర్మాలింక్స్ అనే చోటు వుంటుంది. అక్కడ "పోస్ట్ నేమ్" అనే పద్ధతి ఎంచుకుంటే అంకెల బదులు పేరు వస్తుంది. పేజీ ప్రచురించే ముందు దాని పేరును, దాన్నే స్లగ్ అంటారు, మనమే దిద్దవచ్చు. ఈ పని మొదటిరోజే చేయాలి. ఇల్లు కట్టాక పునాది జరపడం కష్టం.

ఇప్పటికే అంకెల చిరునామాలు వుంటే ఏం చేయాలి? మార్చవచ్చు, కాని పాతవాటిని అనాథలుగా వదిలేయకూడదు. మీరు ఇల్లు మారితే పోస్టాఫీసులో చెప్పి పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళించుకుంటారు గదా. ఇక్కడా అలాంటి ఏర్పాటు వున్నది. శాశ్వత మళ్ళింపును 301 అంటారు, తాత్కాలిక మళ్ళింపును 302 అంటారు. మనం శాశ్వతంగా మార్చాం గనుక 301 పెట్టాలి. ప్రతి పాత పేజీ తన జోడు కొత్త పేజీకే పోవాలి. అన్నింటినీ మొదటి పేజీకి తోలడం, టీకాకు వచ్చిన గేదెను దాణా గోదాములో కట్టేయడం లాంటిది. మళ్ళింపు లేకపోతే వచ్చేది 404, అంటే పేజీ లేదనే జవాబు. మళ్ళింపును కనీసం ఏడాదైనా వుంచమని గూగుల్‌వారి సూచన. పాస్‌బుక్కు మీద అచ్చయిన చిరునామా, దాణా బస్తా మీద ముద్రించిన క్యూఆర్ గుర్తు ఎన్నాళ్ళు జనం చేతుల్లో వుంటాయో అన్నాళ్ళూ వుంచమని నా సూచన. క్యూఆర్ గుర్తులో దాగివున్నదీ చిరునామాయే సుమా.

వరల్డ్ వైడ్ వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. చిరునామాలు మారడానికి సూత్రరీత్యా కారణమేదీ లేదని, మనుషుల ముందుచూపు లోపమే కారణమని ఆయన వాదన. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా సరిపోయే పేరు ఇవాళే ఆలోచించి పెట్టమన్నదే దాని సారం.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సంఘం పేరుతో తీసుకునే డొమైన్ ఎవరి పేర నమోదై వున్నది? పేజీ చేసిపెట్టిన కుర్రవాడి పేర వుంటే, అతను వేరే ఊరు పోయిన రోజున మన చిరునామా అతనితోనే పోతుంది. అది సంఘం పేరునే, సంఘం ఈమెయిలు మీదనే వుండాలి. రుసుము గడువు తేదీ నగదు పుస్తకంలో ఎర్రసిరాతో రాసుకోండి. గడువు దాటితే కొంతకాలం తర్వాత ఆ పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. మన పేరు మీద వాళ్ళు ఏం అమ్ముతారో మనకు తెలియదు. డాట్ ఇన్ వున్నది, తెలుగు లిపిలో డాట్ భారత్ వున్నది. సహకార సంఘాలకే ప్రత్యేకించిన డాట్ కోప్ కూడా వున్నది. దానికి 2000లో ఆమోదం లభించి, 2002 నుంచి వాడుకలోకి వచ్చింది. ఏది తీసుకున్నా ఒక్కదాన్నే ప్రధానంగా పెట్టుకుని, మిగతావాటిని దానికి మళ్ళించండి.

సభ్యులకు ఒక మనవి. ఇవన్నీ కార్యదర్శి పనులని వదిలేయకండి. వచ్చే మహాజన సభలో లేచి మూడు ప్రశ్నలు అడగండి. మన డొమైన్ సంఘం పేరున వుందా? మన పాల ధర పేజీ చిరునామా ఫోనులో చదివి చెప్పగలిగేలా వుందా? పాత లంకెలు నొక్కితే ఏమవుతున్నది? సంఘం మీది, ఆ చిరునామా కూడా మీదే.

నేను చెప్పిన ఆ సభ్యురాలు ఇప్పటికీ పాలు పోస్తున్నది. ఆ తర్వాతి శిబిరానికి చిరునామాలో గాలికుంటు టీకా అని, ఆ సంవత్సరమూ పెట్టాం. ఈసారి నల్లబల్ల మీద రాసి వూరుకోలేదు. ఆమె ఇంటికి మనిషిని కూడా పంపాం. రెండూ చేయాలండీ. యంత్రం దారి చూపుతుంది గాని, తలుపు తట్టవలసినవాళ్ళం మనమే.