సైన్యం ఖర్చు ఎవరి పద్దు?



యుద్ధాల చరిత్రలో గెలిచినవాళ్ల పేర్లు, ఓడినవాళ్ల పేర్లు, తేదీలు దొరుకుతాయి. ఆ సైన్యానికి గింజలు ఎవరు పోశారు, జీతాలు ఎవరిచ్చారు, అందుకోసం ఏ ఊరి పంట పోయింది అన్న పద్దు మాత్రం వెతికితే గాని కనపడదు. దేశాల రాత మారింది ఎక్కువగా ఆ పద్దులోనే అని నా అభిప్రాయం. సాయుధ బలం లేకుండా ఏ సమాజమూ నిలవలేదు, ఇది నేను కాదనను. అయితే ఆ బలం నిజంగా ఆ సమాజానిదే కావాలంటే, దాని ఖర్చు మోసే జనానికి లెక్క అడిగే హక్కు ఉండాలి. ఆ హక్కు లేనిచోట సైన్యం ఎంత పెద్దదైనా అది జనం నెత్తిన బరువే. ఈ మాటకు సాక్ష్యం మోటుపల్లి నుంచి పులికాట్ దాకా ఉన్న మన తీరంలోనే ఉంది.

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు మొత్తంగా లాగేసుకునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. తీరంలోని సామంతులను అదుపులో పెట్టగల సైన్యం ఉన్న రాజు కాబట్టే ఆ మాటకు విలువ వచ్చింది. అంతకన్నా ముఖ్యం, బలమున్నవాడు తన చేతిని తానే రాతిమీద రాసి కట్టేసుకోవడం. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇదే తీరానికి వచ్చిన బలం అలాంటి హద్దులేవీ పెట్టుకోలేదు. 1613 నాటికి పులికాట్‌లో డచ్చివారి కోట లేచింది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీ దుగరాజపట్నంలో దిగి, ఆ చోటును ఆర్మగాన్ అని పిలుచుకుని, ఫిరంగులతో చిన్న కోట కట్టుకుంది. కోరమండల్ తీరంలో వాళ్లు బలపరచుకున్న తొలి స్థావరం అదే. గుడ్డలు కొనడానికి వచ్చినవాళ్లకు ఫిరంగులెందుకు? పోటీదారుణ్ణి దూరంగా ఉంచడానికి, స్థానిక పాలకుడితో బేరం తేల్చుకోవడానికి. అక్కడ వ్యాపారం అనుకున్నంత సాగక 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసులో స్థలం సంపాదించాడు. కంపెనీ అక్కడికి తరలిపోయింది, దుగరాజపట్నం మరుగున పడింది. ఫిరంగి నీడలో వర్తకం చేసే పద్ధతి మాత్రం సెయింట్ జార్జి కోటకు వెళ్లి స్థిరపడింది.

ఆ పద్ధతి దుగరాజపట్నం ఉన్న నెల్లూరు సీమకు తిరిగి రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. కర్ణాటక యుద్ధాల్లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ గద్దె ఇంగ్లీషు పటాలాల మీద నిలబడింది. ఆ పటాలాల ఖర్చు నవాబుదే. నెల్లూరును ఏలుతున్న నవాబు తమ్ముడు నజీబుల్లా రాబడి చెల్లించకపోతే, 1757లో కంపెనీ సేనాని ఫోర్డ్ నెల్లూరు కోట మీదికి వచ్చి గెలవలేక వెనుదిరిగాడు. ఆ దాడి వెనుక ఉన్నది బాకీ వసూలు. తర్వాత నవాబు అప్పు మీద అప్పు చేశాడు. అప్పిచ్చినవాళ్లలో కంపెనీ ఉద్యోగులే ఎందరో ఉన్నారు. ఒక చేత్తో సైన్యం అద్దెకిచ్చి, ఇంకో చేత్తో ఆ అద్దె కట్టడానికి వడ్డీకి డబ్బిచ్చారు. హామీగా తాకట్టు పడింది జిల్లాల శిస్తు, అంటే రైతు ఇంకా కోయని పంట. 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల మీద సుదీర్ఘంగా మాట్లాడి దుమ్మెత్తిపోశాడు, ఫలితం లేకపోయింది. 1790లో టిప్పుతో యుద్ధం పేరు చెప్పి కంపెనీ నవాబు రాజ్యమైన కర్ణాటక రాబడిని తన చేతిలోకి తీసుకుంది. 1801లో నెల్లూరుతో సహా రాజ్యమంతా దాని వశమైంది. చివరి అడుగు పడేనాటికి యుద్ధంతో పనే లేకపోయింది, ఒప్పందం చాలింది. పెన్నా ఒడ్డున నాట్లు వేసే మనిషికి ఈ లావాదేవీలో ఎక్కడా నోరు లేదు, భారమంతా అతనిదే.

ఆ వెంటనే జరిగిన మార్పు చిన్నదిగా కనిపిస్తుంది, కాని మన పల్లెల రూపాన్నే మార్చింది. వెంకటగిరి వంటి సంస్థానాలు అంతవరకూ పాలకుడికి సైనిక సాయం బాకీ ఉండేవి. 1802 నాటి శాశ్వత పైసలాతో ఆ బాధ్యత పోయి, దాని బదులు పేష్కషు అనే కప్పం పెరిగింది. బంట్లను పోషించిన దొరలు శిస్తు వసూలు చేసే జమీందార్లయ్యారు. ఆయుధం సర్కారు గుత్తసొత్తయింది, ఖర్చు ఊళ్ల మీద మిగిలింది. ఆ సర్కారు భారతీయ పటాలాలను ఇథియోపియాకూ ఈజిప్టుకూ మెసపొటేమియాకూ పంపింది. మన ఖజానా నుంచీ కొంత చెల్లించింది. 1885లో బర్మా మీద దండెత్తింది. ఆ ఖర్చులు, సరిహద్దు ఖర్చులు, రూపాయి మారకం పతనం కలిసి 1888లో మణుగు ఉప్పు మీద పన్నును రెండు రూపాయల నుంచి రెండున్నరకు పెంచాయి. 1923లో మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి లోటు పూడ్చడానికి ఆ పన్నును రెట్టింపు చేయబోతే కేంద్ర శాసనసభ తిరస్కరించింది. వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలుచేశాడు. బర్మా ఎక్కడుందో తెలియని మన తీరపు కూలీ తన గంజిలో వేసుకునే ఉప్పురాయితో బర్మా యుద్ధానికి చందా కట్టాడు. 1930లో మైపాడు ఒడ్డున ఉప్పు చేసి చట్టాన్ని ధిక్కరించినవాళ్లను నేను ఈ వరుసలో చూస్తాను. సామ్రాజ్యపు సైన్యానికి డబ్బు చేరే దారిలో ఒకదానికి వాళ్లు అడ్డం నిలిచారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. బలం లేకనే కదా ఇదంతా జరిగింది, కాబట్టి ముందు బలం, తర్వాతే ప్రశ్నలు అంటారు. మొదటి సగం నిజం. అరువు బలంతో బతకడమే నవాబును ముంచింది. స్వతంత్ర భారతానికి ఆ పాఠం శ్రీహరికోటలో మరోసారి ఎదురైంది. రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ నుంచి క్రయోజెనిక్ పరిజ్ఞానం కొనబోతే, అది క్షిపణులకు పనికొస్తుందని 1992లో అమెరికా ఆ సంస్థ మీదా మన ఇస్రో మీదా ఆంక్షలు పెట్టింది. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజనుతో జీఎస్ఎల్‌వీ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. ఆ ఓపికను నేను గర్వంతో తలుచుకుంటాను. శాస్త్రం యుద్ధావసరం వల్లే ఎదుగుతుందన్న వాదన మాత్రం ఇక్కడ తలకిందులైంది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని మోసిన ఎస్ఎల్‌వీ-3 తొలి దశే 1989లో అగ్ని క్షిపణికి తొలి దశ అయింది. పౌర శాస్త్రం ముందు నడిచింది, ఆయుధం వెనక వచ్చింది. ఇక అభ్యంతరంలో రెండో సగం, ప్రశ్నలు తర్వాత అన్నది, అదే శ్రీహరికోటలో నాకు మింగుడుపడదు. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంచుకున్నాక అడవినీ పులికాట్ సరస్సునూ నమ్ముకుని బతికిన యానాదులు చోటు ఖాళీ చేయవలసి వచ్చింది. దీవి ఎంపిక సరైనదే కావచ్చు. కాని దేశబలానికి అందరికన్నా ముందు చెల్లించిన ఆ కుటుంబాల పిల్లలు ఇలాంటి పట్టాల పండుగల్లో ఎందరు కూర్చుంటున్నారు?

యుద్ధం మధ్యలో ప్రశ్నిస్తే శత్రువుకు లాభమని కూడా అంటారు. 1962 నవంబరులో, చైనా సేనలు లోపలికి వచ్చి ఉండగానే, వాజపేయి కోరిక మీద నెహ్రూ పార్లమెంటును ముందుగా సమావేశపరిచారు. సభలో నిర్మొహమాటంగా చర్చ జరిగింది. రక్షణమంత్రి కృష్ణమీనన్ అప్పటికే పదవి వదలవలసి వచ్చింది. దేశం చీలిపోలేదు. సైన్యం ఆ తర్వాతే పెరిగింది, దిద్దుకుంది. దళాల కదలికలు, ఆయుధాల లోగుట్లు దాచవలసినవే. ఏ పద్దు కింద ఎంత, ఎవరి నుంచి, దేన్ని తగ్గించి అన్న లెక్క దాచవలసిన పని లేదు. జవానుకు నాసిరకం బూటు అందకుండా కాపాడేది కూడా ఆ లెక్కే.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు కేటాయించింది దాదాపు 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో దాదాపు 1.60 లక్షల కోట్లు పింఛన్లకే. ఇంత పెద్ద పద్దులు లోక్‌సభలో ఎన్నో ఏళ్లు చర్చ లేకుండానే, అన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే గిలెటిన్‌ పద్ధతిలో ఆమోదం పొందాయి. కాగ్ నివేదికలు, స్థాయీసంఘం నివేదికలు ఎవరైనా తెరిచి చదవగలిగేలా ఉన్నాయి. ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో వాణిజ్యం చదివినవాళ్లకు ఆ అంకెలు అర్థమవుతాయి, ఇంజనీర్లకు ఆ యంత్రాలు అర్థమవుతాయి, చరిత్ర చదివినవాళ్లకు నవాబు అప్పుపత్రాలు గుర్తొస్తాయి. మీ పార్లమెంటు సభ్యుడు ఓటడగడానికి వచ్చినప్పుడు రోడ్డు గురించి, రేవు గురించి అడిగినట్టే, ఆ ఏడాది రక్షణ పద్దు మీద సభలో ఏం మాట్లాడారో కూడా అడగండి.