రేకు పెట్టెలో పాసుపుస్తకం



ఒక ఊళ్ళో ఒక అక్క ఉందనుకోండి. కూలి పని చేస్తుంది. ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. రేకు పెట్టె సర్దుతుంటే ఆమెకు ఒక పాసుపుస్తకం దొరికింది. చనిపోయిన నాయనది. కూడబలుక్కుని చదివింది. అట్ట మీద ‘ఆంధ్రా బ్యాంకు’ అని ఉంది. లోపల చివరి లెక్క 4,300 రూపాయలు. సంవత్సరం 2011.

“ఆ బ్యాంకే లేదు కదమ్మా! ఇంకా డబ్బెక్కడిది?” అన్నాడు పక్కింటి మామ.

బోర్డు లేని మాట నిజమే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా అంతే, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసింది. పేరు మారింది గానీ జనం దాచుకున్న డబ్బు పోలేదు.

మరి ఇన్నేళ్ళు ఎవరూ ముట్టుకోని డబ్బు ఏమవుతుంది? పొదుపు ఖాతాలో రెండేళ్ళకు పైగా డబ్బు వేయకపోతే, తీయకపోతే ఆ ఖాతా నిద్రపోయినట్టు లెక్క. పదేళ్ళు దాటితే ఆ సొమ్మును బ్యాంకు రిజర్వు బ్యాంకుకు పంపుతుంది. ఇలాంటి సొమ్ము కోసమే అక్కడ 2014లో ఒక నిధి పెట్టారు. అంతమాత్రాన అది సర్కారు సొమ్ము అయిపోదు. ఖాతాదారుదే. ఆయన లేకపోతే వారసులది. పొదుపు సొమ్ముకు కొంత వడ్డీ కూడా వస్తుంది.

దీనికోసం రిజర్వు బ్యాంకు దాకా పోనక్కరలేదు. ఆ అక్క యూనియన్ బ్యాంకుకు వెళితే చాలు. పాసుపుస్తకం, నాయన మరణ ధ్రువీకరణ పత్రం, తన ఆధార్ కార్డు పట్టుకెళ్ళాలి. నామినీగా ఆమె పేరు ఉంటే పని సులువు. లేకపోతే మిగతా వారసులు కూడా సంతకాలు పెట్టాలి. అన్నదమ్ముల చుట్టూ తిరగక తప్పదు. కాస్త ఓపిక కావాలి మరి.

పాసుపుస్తకం దొరకని వాళ్ళకు కూడా దారి ఉంది. రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ అనే వెబ్‌సైటు పెట్టింది. పేరు, ఓటరు కార్డు నంబరు చెప్పి చదువుకునే పిల్లల చేత సెల్‌ఫోన్‌లో వెతికించవచ్చు. డబ్బు ఇచ్చేది మాత్రం బ్యాంకే.

“మేం తెప్పిస్తాం, సగం మాకివ్వండి” అనేవాళ్ళు వస్తారు. నిద్రపోయిన ఖాతాను లేపడానికి బ్యాంకు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. 2024 ఏప్రిల్ నుంచి ఇది నియమం. మరి వాళ్ళకెందుకు ఇవ్వాలి? ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

ఆ అక్క బ్యాంకుకు వెళ్ళింది. నాయన అక్కడ ఎప్పుడూ వేలిముద్రే వేశాడు. దరఖాస్తు కింద ఆమె తన పేరు రాసింది. అందినట్టు రసీదు అడిగి తీసుకుంది.