ఆగినచోటే ఆనవాలు

కంప్యూటరు మీట నొక్కితిమి. దీపము వెలిగినది, తెరపై గుర్తు కనిపించినది. అంతలో అంతయు ఆరిపోయి కథ మరల మొదటికి వచ్చినది. ఇట్టి సమయమున మనలో పెక్కుమంది చేయు పని, మీటను మరల మరల నొక్కుటయే. అంతకంటె యంత్రము ఎచ్చట ఆగుచున్నదో గమనించుట మేలు. ఆగినచోటే రోగమునకు ఆనవాలు.

కంప్యూటరు మేలుకొనుటలో ఒక చిక్కు కలదు. దానిని నడుపు ఆదేశములు డిస్కులో నుండును. ఆ డిస్కును చదువుటకును ఆదేశములే కావలెను. పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్నట్టిది ఈ సంగతి. ఈ ముడి విప్పుటకై, విద్యుత్తు పోయినను చెరగని కొన్ని ఆదేశములను మదర్‌బోర్డుపై ఒక చిప్పులో నిలిపియుంచిరి. మీట నొక్కగానే అవి మెమరీ మొదలగువానిని పరీక్షించి, డిస్కునుండి ఆపరేటింగ్ సిస్టమును లేపును. అది లేచి, పరికరములను నడుపు డ్రైవరులను పనిలో పెట్టును.

కావున తెరపై ఏమియు రాక బీప్ ధ్వనులే వినిపించినచో, మెమరీ చిప్పుల పలకయో, తెరకు బొమ్మనంపు కార్డో స్థానము తప్పియుండవచ్చును. డిస్కు కనబడలేదన్న మాట వచ్చినచో డిస్కును, దాని తీగను చూడవలెను. విండోస్ గుర్తు కనిపించిన పిమ్మట నీలితెరతో కూలినచో, క్రొత్తగా చేరిన డ్రైవరును ముందుగా అనుమానింపవలెను. అప్పుడు అత్యవసరమైన డ్రైవరులతోనే యంత్రమును లేపు సేఫ్ మోడ్ అక్కరకు వచ్చును.

2024 జులై 19న లోకమంతయు ఈ పాఠము నేర్చుకొన్నది. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలులో దోషముండెను. అది పంపిణీలో నున్నది 78 నిమిషములే. కూలిన విండోస్ యంత్రములు సుమారు 85 లక్షలు. మనదేశపు విమానాశ్రయములలో సైతము బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. చికిత్స చిన్నదే: సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ ఫైలును తొలగించుట. కాని లేవని యంత్రమునకు దూరమునుండి ఔషధము అందదు గదా! పెక్కుచోట్ల మనిషి ప్రతి యంత్రము కడకు పోయి కూర్చుండవలసి వచ్చినది.

ఇంటి కంప్యూటరు విషయమున ఒక హెచ్చరిక. తిరుగు డిస్కు టకటక శబ్దము చేయుచున్నచో మరల మరల నడుపరాదు. ప్రతి ప్రయత్నమును దానికి గాయమే. విండోస్‌ను మరల స్థాపించుటకు తొందరపడరాదు. ముందు డిస్కును నిపుణునికిచ్చి, పిల్లల ఫోటోలు, లెక్కలు, కాగితముల ప్రతులు వేరొకచోటికి చేర్చుకొనవలెను. యంత్రము పోయినచో మరియొకటి కొనవచ్చును. అవి అంగడిలో దొరకవు. డిస్కునకు సంకేతరక్షణ యున్నచో దానిని తెరచు 48 అంకెల సంఖ్యను కాగితముపై వ్రాసి వేరుగా దాచవలెను. తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి తాళము వేసిన, పెట్టె తెరచుట యెట్లు?